గోదావరి డెల్టా నుంచి విదేశీ భాగస్వామ్యం: కాలేజీ, పరిశోధన కేంద్రం, వ్యాపారం ఒక తాటి మీదకి రావాలంటే

మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, తెలియని రైతు డెల్టాలో ఉండడు. దాని కన్నవాళ్ళలో ఒకటి మసూరి. ఆ మసూరి మన ఊరిది కాదు. 1950ల్లో కటక్‌లో జరిగిన సంకరణాల నుంచి మలేషియాలో ఎంపికై, 1965లో అక్కడ విడుదలై, ఆ తరవాత మన చేలలోకి వచ్చింది. స్వర్ణకి ఒక లోటు ఉండేది: రోజుల తరబడి నీళ్ళలో మునిగితే తేరుకోలేదు. ఒడిశాకి చెందిన ఎఫ్ఆర్ 13ఏ అనే పాతరకం వరిలో మునకని తట్టుకునే గుణం ఉంది. ఆ గుణానికి కారణమైన సబ్1 జన్యువు గుట్టుని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళూ, కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్ళూ కలిసి విప్పి 2006లో ప్రచురించారు. దాన్ని స్వర్ణలోకి ఎక్కిస్తే వచ్చిందే స్వర్ణ సబ్1. మన దేశంలో 2009లో విడుదలైంది. రెండు వారాల దాకా మునిగినా మళ్ళీ లేస్తుంది.

అదే 2009లో మన తీరానికి వనామీ రొయ్యకీ అనుమతి వచ్చింది. అంతకు ముందు టైగర్ రొయ్యని తెల్లమచ్చ తెగులు 1990ల మధ్యలో తుడిచిపెట్టేసింది. హవాయిలో పరిశోధకులు వ్యాధుల్లేని తల్లి రొయ్యల్ని పెంచే పద్ధతి తయారుచేస్తే, కంపెనీలు దాన్ని వ్యాపారం చేశాయి. తల్లి రొయ్య చెన్నైలో క్వారంటైన్ దాటి, గుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే హేచరీకి వస్తుంది, అక్కణ్ణించి పిల్ల భీమవరం చెరువుకి చేరుతుంది. మనకి డబ్బులు వచ్చాయి, కాదనను. కానీ ఆ తల్లి రొయ్యని ఇప్పటికీ కొనుక్కుంటూనే ఉన్నాం.

రెండూ సరిహద్దులు దాటి వచ్చినవే. మొదటిదాంట్లో బల్ల మీద మన విత్తనం ఉంది, రెండోదాంట్లో మన చెక్కు మాత్రమే ఉంది. విదేశీ భాగస్వామ్యం అని ఎవరైనా నా దగ్గరికి వస్తే నేను మొదట అడిగేది ఇదే: బల్ల మీద మీరేం పెడుతున్నారు? ఈ మార్గదర్శి ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. డెల్టాలో ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీల్లో పనిచేసేవాళ్ళు, చిన్న పరిశ్రమలు నడిపేవాళ్ళు, ఆక్వా రైతు సంఘాలు, కొబ్బరి పీచు యూనిట్లు పెట్టినవాళ్ళు చదువుతారని అనుకుని రాస్తున్నాను.

ముందు ఎంఓయూ వద్దు

మా కాలేజీలో ఒకసారి విదేశీ విశ్వవిద్యాలయంతో ఎంఓయూ, అంటే అవగాహన ఒప్పందం, జరిగింది. ఫ్లెక్సీ కట్టాం, శాలువాలు కప్పాం, నీలం అట్ట ఫైళ్ళు పట్టుకుని ఫొటో దిగాం. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. ఆ తరవాత వాళ్ళ నుంచి వచ్చిన ఈమెయిల్ ఒక్కటే, న్యూ ఇయర్ గ్రీటింగు. తప్పు వాళ్ళది కాదు. ఏం చేద్దామని వాళ్ళని పిలిచామో మాకే తెలీదు.

కాబట్టి మొదటి మెట్టు ప్రశ్న వెతుక్కోవడం. ఆ ప్రశ్న మన గట్టు మీద పుట్టాలి, ఇంకో చోట కూడా అవసరం ఉండాలి. "ఆక్వాలో కృత్రిమ మేధ" ప్రశ్న కాదు, ఫ్లెక్సీ మీద రాసుకునే మాట. "తెల్లవారుజామున మూడు, ఐదు గంటల మధ్య చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని గంట ముందే తెలిస్తే ఏరేటర్ల (నీళ్ళలోకి గాలి ఎక్కించే యంత్రాల) కరెంటు ఎంత మిగులుతుంది?" ఇది ప్రశ్న. రైతుకి అర్థమవుతుంది, కొలవొచ్చు, వియత్నాం రైతుకీ ఇదే బాధ.

ఒక్క పేజీ రాయండి. నాలుగు విషయాలు చాలు: బాధ ఏమిటి, ఎవరికి, ఇప్పుడు దానికి ఏం చేస్తున్నారు, దానికెంత ఖర్చవుతోంది. నాలుగోది రాయడానికే రెండు వారాలు పడుతుంది, ఎందుకంటే కరెంటు బిల్లులు అడిగి తెచ్చుకోవాలి. తెచ్చుకోండి. ఆ పేజీని చెరువు యజమానికి తెలుగులో చదివి వినిపించండి. ఆయన మధ్యలో ఆపి "అది కాదండీ" అన్న చోటే అసలు ప్రశ్న ఉంటుంది.

డెల్టాలోనే మూడు కాళ్ళు నిలబెట్టుకోవడం

విదేశం సంగతి తరవాత. ముందు ఇక్కడ చదువు, పరిశోధన, వ్యాపారం ఒక చోట కూర్చోవాలి. డెల్టాకి సంస్థల కరువు లేదు. వరికి మార్టేరు, కొబ్బరికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రం, ఉద్యాన పంటల చదువుకి వెంకట్రామన్నగూడెం విశ్వవిద్యాలయం, చేపలూ రొయ్యల శిక్షణకి కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ, ఇంజనీరింగ్‌కి తాడేపల్లిగూడెం ఎన్ఐటీ, కాకినాడ జేఎన్టీయూ, రాజమండ్రిలో నన్నయ విశ్వవిద్యాలయం. ఒకదానికొకటి రెండు మూడు గంటల బస్సు ప్రయాణంలో ఉన్నాయి. అయినా ఒక సంస్థలో పనిచేసేవాళ్ళు ఇంకో సంస్థ గేటు దాటి లోపలికి వెళ్ళింది తక్కువ. మనవాళ్ళు మనవాళ్ళని జర్మనీలో జరిగే సదస్సులో కలుస్తారు.

పరిశోధన కేంద్రానికి వెళ్ళేటప్పుడు ప్రాజెక్టు ప్రతిపాదన పట్టుకెళ్ళకండి. ఆ ఒక్క పేజీ పట్టుకెళ్ళి "దీని మీద మీ దగ్గర పాత పని ఏమైనా ఉందాండీ?" అని అడగండి. చాలాసార్లు ఉంటుంది. అల్మరాలో ఉన్న పదేళ్ళ దిగుబడి రిజిస్టరు, వర్షపాతం లెక్కలు, తెగులు వచ్చిన తేదీలు విదేశీ పరిశోధకుడికి బంగారం. ఇవే మనం బల్ల మీద పెట్టేవి.

బల్ల మీద పెట్టగలిగినవి ఇంకా ఉన్నాయి, మనం వాటిని లెక్కలోకి తీసుకోం. ఇక్కడ రొయ్యల పంట మూడు, నాలుగు నెలలే కాబట్టి ఏడాదిలో రెండు పంటలు తేలిగ్గా చూడొచ్చు. చలిదేశంలో ఏడాదికి ఒకసారి చేసే ప్రయోగం మన దగ్గర రెండుసార్లు అవుతుంది. కాలువ చివరి భూముల్లో ఉప్పు, కాలువ తల దగ్గర మంచినీళ్ళు. ముప్పై, నలభై కిలోమీటర్ల లోపు రకరకాల ఉప్పు మోతాదులు దొరికే చోటు ప్రయోగశాలలో తయారుచేయాలంటే కోట్లవుతుంది.

వ్యాపారం వైపు నుంచి ఎవరిని తీసుకోవాలి? పెద్ద ఎగుమతి కంపెనీ పేరు కోసం పాకులాడొద్దని నా సలహా. వాళ్ళ ఎండీ ప్రారంభోత్సవానికి వస్తారు, తరవాత మేనేజరు వస్తారు, ఆ తరవాత ఎవరూ రారు. మేత డీలరో, ల్యాబు నడుపుకునే కుర్రాడో, ఏరేటర్లు రిపేరు చేసే షాపో మేలు. వాళ్ళకి ఆ బాధతో రోజూ పని. వాళ్ళు అడిగేది కూడా సూటిగా ఉంటుంది: "నాకేంటండీ?" దానికి మొదటి రోజే జవాబు చెప్పండి. ప్రయోగం అయ్యాక పరికరం ఈ జిల్లాలో అమ్ముకునే మొదటి హక్కు, లేదా ఫలితాలు ఆరు నెలల ముందు చూసే వీలు, ఏదో ఒకటి. "సమాజ సేవ" అని చెబితే నవ్వి టీ తాగించి పంపిస్తారు.

అవతలి ఒడ్డున ఎవరు?

విదేశం అనగానే అమెరికా, ఐరోపా గుర్తొస్తాయి. నేను వేరేలా వెతుకుతాను: మన బాధ ముందే పడ్డ దేశం ఏది? కొబ్బరికి పట్టిన సర్పిలాకార తెల్లదోమనే తీసుకోండి. మధ్య అమెరికా వైపు పుట్టిన పురుగు, 2009లో ఫ్లోరిడాలో కనిపించింది, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చికి వచ్చింది, అక్కణ్ణించి కడియం నర్సరీలకీ కోనసీమకీ ఎక్కువ కాలం పట్టలేదు. పురుగుకి పాస్‌పోర్టు అడిగినవాళ్ళు లేరు. ఇసారియా అనే శిలీంద్రంతోనూ, బదనికలతోనూ (పురుగు మీద బతికే మిత్ర పురుగులతో) దాన్ని అదుపు చేసే పని అంబాజీపేట కేంద్రం చేసి చూపించింది. ఈ విషయంలో ఫ్లోరిడా వాళ్ళు మనకన్నా ఏడేళ్ళు ముందు బాధపడ్డారు, మనం మనదైన మందు కనిపెట్టుకున్నాం. ఇద్దరి దగ్గరా చెప్పుకోడానికి ఉంది. భాగస్వామ్యానికి అదే సరైన జోడీ.

రొయ్యలకైతే థాయిలాండ్, వియత్నాం, ఈక్వడార్. రొయ్య ఎదుగుదల ఆపేసే పరాన్నజీవి ఈహెచ్‌పీని మొదట వర్ణించింది థాయిలాండ్‌లోనే, 2009లో. డెల్టాలోకి ఉప్పు ఎక్కడం మీదైతే వియత్నాంలోని మెకాంగ్ డెల్టా, నెదర్లాండ్స్. డచ్చివాళ్ళు మనకి కొత్త కూడా కాదు, పాలకొల్లులో ఒకప్పుడు వాళ్ళ వర్తక స్థావరం ఉండేది. నరసాపురం పక్కనున్న మాధవాయపాలెం పేరు మీద మడపొల్లం అనే గుడ్డ ఐరోపా అంతా అమ్ముడుపోయింది. (ఆ గుడ్డ మీద లాభం నేతగాడికి ఎంత దక్కిందన్నది వేరే వ్యాసం.)

మనిషిని పట్టుకోవడానికి మూడు దారులు. మీ ప్రశ్న మీద గత ఐదేళ్ళలో వచ్చిన పరిశోధన వ్యాసాలు చూసి, రచయితల్లో సంప్రదించవలసినవారి ఈమెయిల్ తీసుకోవడం ఒకటి. పెద్ద ప్రొఫెసరుకి కాకుండా పీహెచ్‌డీ ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళకి రాయండి, జవాబిచ్చేది వాళ్ళే. రెండోది మన పూర్వవిద్యార్థులు. డెల్టాలో ఊరికొకరైనా బయట ల్యాబుల్లో పనిచేస్తున్నారు, సంక్రాంతికి వస్తారు. కోడిపందేల హడావుడి అయ్యాక, కనుమ మర్నాడు ఒక గంట అడిగితే కాదనరు. మూడోది మన పరిశోధన కేంద్రాలకి ముందే ఉన్న సంబంధాలు.

ఈమెయిల్ పది వాక్యాలు దాటకూడదు. మొదటి వాక్యంలో వాళ్ళ ఫలానా వ్యాసంలో ఫలానా సంగతి చదివానని. రెండోదాంట్లో మా దగ్గర అది ఇలా జరుగుతోందని. తరవాత మా దగ్గరున్న లెక్కలు ఇవి, చెరువులు ఇన్ని, విద్యార్థులు ఇంతమంది. చివర్లో ఒకే ఒక చిన్న కోరిక: ఇరవై నిమిషాల వీడియో కాల్. "మీ గౌరవనీయమైన సంస్థతో కలిసి పనిచేయాలని మా ఆకాంక్ష" లాంటివి తీసేయండి. చెరువు ఫొటో ఒకటి జతచేయండి, ప్రిన్సిపాల్ గారి ఫొటో వద్దు.

మొదటి మూడు నెలలు: డబ్బు లేకుండా చేసే పని

కాల్ బాగా జరిగింది కదా అని వెంటనే కోటి రూపాయల ప్రాజెక్టు రాయడం మొదలుపెట్టకండి. ముందు చిన్న పని కలిసి చేయండి. మేం చేసింది చెబుతాను.

అవతలి ల్యాబువాళ్ళు రెండు ఆక్సిజన్ సెన్సర్లు అరువిచ్చారు. మా మూడో సంవత్సరం విద్యార్థులు వాటికి సిమ్ కార్డు బోర్డు తగిలించి, అంకెలు ఫోనులో కనబడేలా చేశారు. భీమవరం దగ్గర ఒక రైతు చెరువులో పెట్టాం. మొదటి వారం పండగే. పదో రోజు తెల్లారుజామున నాలుగున్నరకి ఫోను.

"మాస్టారూ, మీ మిషనేమో ఆక్సిజన్ ఐదుంది, ఫర్లేదు అంటందండి. రొయ్యలేమో పైకొచ్చేసి గట్టంట తిరుగుతన్నాయి. నన్నెవర్ని నమ్మమంటారు?"

"ముందు ఏరేటర్లన్నీ వేసేయండి రాజుగారూ, నేనొస్తున్నాను."

"వేసేసే ఫోన్ చేశానండి, ఆయ్."

వెళ్ళి సెన్సర్ పైకి లాగితే దాని మొహం మీద ఆకుపచ్చ జిగురు, వేలితో గీస్తే గోరులోకి వచ్చింది. పైన సన్నటి గవ్వలు కూడా అతుక్కున్నాయి. నాచు కప్పేసిన సెన్సర్ రాత్రంతా ఒకే అంకె చూపిస్తూ కూర్చుంది. దాంతో వచ్చిన పుస్తకంలో నెలకోసారి శుభ్రం చేయమని ఉంది. అది చల్లటి, తేటనీళ్ళ తొట్టెల లెక్క. మేత, ఎరువు, ముప్పై డిగ్రీల వేడి ఉన్న మన నీళ్ళలో నెలంటే ఒక యుగం. ఆ రోజు నుంచి కాపలా కుర్రాడు రోజూ సాయంత్రం పళ్ళు తోముకునే బ్రష్‌తో దాన్ని రుద్దేవాడు. రుద్దే ముందు ఒక అంకె, రుద్దాక ఒక అంకె గోడకి కట్టిన పుస్తకంలో రాసేవాడు.

ఆ పుస్తకాన్ని ఫొటోలు తీసి పంపితే అవతలివాళ్ళు ఎగిరి గంతేశారు. వెచ్చటి నీళ్ళలో నాచు ఎంత వేగంగా పడుతుంది, అంకె ఎంత తేడా వస్తుంది అన్న లెక్క రోజువారీగా వాళ్ళకి అప్పటిదాకా దొరకలేదట. ఆక్సిజన్ ముందుగా చెప్పే సంగతి పక్కకి వెళ్ళింది, తనంతట తాను శుభ్రం చేసుకునే సెన్సర్ మా అసలు ప్రాజెక్టు అయింది. రాజుగారికి ఆ పంటలో నష్టం రాలేదు, కానీ నామీద నమ్మకం మళ్ళీ రావడానికి ఇంకో పంట పట్టింది.

ఈ మూడు నెలల్లో మీరు చూడాల్సింది ఫలితం కాదు, మనుషుల్ని. ఈమెయిల్‌కి ఎన్ని రోజుల్లో జవాబిస్తున్నారు? తప్పు జరిగితే ఎలా మాట్లాడుతున్నారు? మన విద్యార్థి పేరు ఉత్తరాల్లో రాస్తున్నారా, లేక "మీ టీమ్" అని సరిపెడుతున్నారా?

కాగితాలు: ఇక్కడ తొందరపడితే తరవాత ఏడవాలి

ఇప్పుడు ఒప్పందం రాసుకోవచ్చు. ఎంఓయూ అనేది సాధారణంగా కలిసి పనిచేద్దామన్న మాటే, అందులో బాధ్యతలు పెద్దగా ఉండవు. అసలు బలం ప్రాజెక్టు ఒప్పందంలో ఉంటుంది. దాంట్లో తప్పకుండా ఉండాల్సినవి: ఎవరు ముందే తెచ్చుకున్న జ్ఞానం ఏది, కలిసి పుట్టించినది ఎవరిది, ముందు ప్రచురించాలా పేటెంటు వేయాలా, మధ్యలో ఎవరైనా వెళ్ళిపోతే ఏమవుతుంది, లెక్కలు ఎవరి కంప్యూటర్లో ఉంటాయి.

పేటెంటు గురించి మన కాలేజీల్లో తరచూ జరిగే పొరపాటు: విద్యార్థి సదస్సులో పేపరు చదివేస్తాడు, ఆర్నెల్ల తరవాత పేటెంటు గుర్తొస్తుంది. బయటపెట్టాక చాలాసార్లు అది కొత్తది కాదంటారు. ముందు తాత్కాలిక దరఖాస్తు వేయండి, పూర్తి వివరాలకి పన్నెండు నెలలు గడువుంటుంది, ఈలోగా పేపరు చదువుకోవచ్చు. ఇంకోటి, పేటెంట్ల చట్టంలో 39వ సెక్షన్. మన దేశంలో నివసించేవారు తమ ఆవిష్కరణకి నేరుగా విదేశంలో దరఖాస్తు వేయకూడదు. ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి, లేదా ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. "మేమే అక్కడ ఫైల్ చేసేస్తాం, మీరు సంతకం పెట్టండి చాలు" అని అవతలివాళ్ళు మంచితనంగానే అంటారు. సంతకం పెట్టకండి. ఉమ్మడి పేటెంటుకి ఒప్పుకునే ముందు ఇదీ తెలుసుకోండి: మన చట్టం ప్రకారం ఉమ్మడి యజమాని తాను వాడుకోవచ్చు గానీ, రెండోవారు ఒప్పుకోకుండా బయటివాళ్ళకి లైసెన్సు ఇవ్వలేడు. మీ ఊరి వ్యాపారి ఆ పరికరం తయారుచేసి అమ్మాలంటే ఆ అనుమతి ఇప్పుడే రాయించుకోవాలి. వరి వంగడాల్లాంటి వాటికి ఇక్కడ పేటెంటు ఇవ్వరు. వాటికి మొక్క రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం, 2001 ఉంది.

జీవవైవిధ్య చట్టం, 2002 సంగతి చాలామందికి తెలీదు, తెలిశాక కంగారుపడతారు. తినడానికి వెళ్ళే రొయ్య కంటైనర్ల కొద్దీ సముద్రం దాటుతుంది, దానికి ఈ చట్టంతో పేచీ లేదు. అదే రొయ్య కండ ముక్క సీసాలో వేసి పరిశోధనకి విదేశీ ల్యాబుకి పంపాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి చూసుకోవాలి. చెరువు మట్టిలోని బాక్టీరియా, పాతరకం వరి గింజ, తెల్లదోమని చంపే శిలీంద్రం, అన్నీ దీని కిందికే వస్తాయి. విదేశీయులకే కాదు, ప్రవాస భారతీయ పౌరుడికి కూడా ఇది వర్తిస్తుంది. కనుమ మర్నాడు కలిసిన మన పూర్వవిద్యార్థి సూట్‌కేసులో నాలుగు సీసాలు పెట్టి పంపించే అలవాటు మానుకోవాలి. కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన, మార్గదర్శకాలకి లోబడిన ఉమ్మడి పరిశోధన ప్రాజెక్టులకి చట్టంలో మినహాయింపు ఉంది. అందుకే ప్రభుత్వ పథకం గొడుగు కింద చేసే పని కాగితాల పరంగా తేలిక.

చిన్న కిటుకు: పరీక్ష ఇక్కడే చేసి, మనం తీసిన అంకెలు పంపగలిగితే సీసా పంపే పని సగం తప్పుతుంది. పైగా పరీక్ష మన విద్యార్థి నేర్చుకుంటాడు. అయితే పరిశోధన ఫలితాల్ని డబ్బుకి బదులుగానో, ఇంకోలాగో విదేశీయులకి అప్పగించడానికీ ఈ చట్టంలో నిబంధన ఉంది కాబట్టి అనుమతి అక్కర్లేదని మీకు మీరే తేల్చేసుకోకండి, రాసి అడగండి.

డబ్బులు

చదువు, పరిశోధన, వ్యాపారం మూడూ కలవాలన్న నియమం ఉన్న పథకాల్లో నాకు నచ్చింది ఇండో జర్మన్ సైన్స్ అండ్ టెక్నాలజీ సెంటర్ వారి 2+2. పేరులోనే లెక్క ఉంది: మన వైపు ఒక విద్యా లేదా పరిశోధన సంస్థ, ఒక పరిశ్రమ, జర్మనీ వైపు ఒక సంస్థ, ఒక పరిశ్రమ. పరిశ్రమ తన వాటా ఖర్చు కొంత పెట్టుకోవాలి. ఆ నియమం చూసి వ్యాపారులు వెనక్కి తగ్గుతారు గానీ, నా ఉద్దేశంలో దాంట్లో ఉన్న మేలంతా అదే. జేబులోంచి డబ్బు తీసినవాడు సమావేశానికి వస్తాడు.

ఇజ్రాయెల్‌తో కంపెనీల మధ్య పరిశోధనకి ఐ4ఎఫ్ నిధి 2017లో మొదలైంది. ఫ్రాన్స్‌తో ఉమ్మడి పరిశోధనకి నిధులిచ్చే సెఫిప్రా 1987 నుంచి ఉంది. కేవలం విద్యాసంస్థల మధ్య రాకపోకలకి 2018లో వచ్చిన స్పార్క్, విదేశీ అధ్యాపకుల్ని చిన్న కోర్సులకి పిలిపించే జియాన్ ఉన్నాయి. ఐరోపా వాళ్ళ హొరైజన్ యూరప్ (2021–2027) పెద్దది. కానీ దాని ఉమ్మడి ప్రాజెక్టుల్లో మామూలుగా మూడు వేర్వేరు ఐరోపా సభ్య లేదా అనుబంధ దేశాల సంస్థలుండాలి, మనం వాళ్ళతో కలవడమే తప్ప మనంతట మనం మొదలుపెట్టలేం. మన ఖర్చు వాళ్ళే ఇస్తారన్న హామీ లేదు, ప్రకటనలో అది ఉందో లేదో మొదటే చూసుకోవాలి. మన వైపు స్టార్టప్ జీవసాంకేతికానికి సంబంధించినదైతే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ ఇచ్చే బిగ్ గ్రాంటు, 50 లక్షల దాకా, అడగొచ్చు. ఏ పథకానికైనా గడువులు, మొత్తాలు మారుతుంటాయి. పోయినేడాది పీడీఎఫ్ పట్టుకుని దరఖాస్తు రాయకండి.

ఉమ్మడి డిగ్రీ పెడదామని యాజమాన్యం ఉత్సాహపడితే కాస్త ఆపండి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఇలాంటి డిగ్రీలకి కాలేజీల నాణ్యత కొలిచే న్యాక్‌లో కనీసం 3.01 స్కోరో, కేంద్రం ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల విశ్వవిద్యాలయాల జాబితాలో మొదటి వందలో చోటో లాంటి అర్హతలు కావాలి. చిన్న కాలేజీకి ఒక విద్యార్థి ఆర్నెల్ల ప్రాజెక్టు ఎంతో మేలు.

విదేశీ డబ్బు ఖాతాలో పడే ముందు ఆడిటర్‌ని కలవండి. డెల్టాలో చాలా కాలేజీలు సొసైటీలో, ట్రస్టులో నడుపుతున్నవే. వాటికి విదేశీ విరాళం రావాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం అయిన ఎఫ్‌సీఆర్ఏ, 2010 కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో ఉండాలి. డబ్బు మొదట న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాకే రావాలి. 2020 సవరణ తరవాత దాన్ని ఇంకో సంస్థకి మళ్ళించకూడదు. అంటే కాలేజీకి వచ్చిన గ్రాంటులోంచి ఊళ్ళో స్టార్టప్‌కి వాటా పంచుదామన్న ఆలోచన పనికిరాదు, ఎవరి వాటా వాళ్ళకి నేరుగా వచ్చేలా మొదటే రాసుకోవాలి. ఒక పనికి బిల్లు ఇచ్చి తీసుకునే వ్యాపార చెల్లింపు వేరు, విరాళం వేరు. ఏది ఏదో మీరు నిర్ణయించేయకండి, రాతపూర్వకంగా సలహా తీసుకోండి. మన ప్రభుత్వ నిధైతే వినియోగ పత్రం జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో ఇవ్వాలి. దానికోసం మార్చి నెలాఖరున రాత్రి పదింటిదాకా కూర్చునే టెన్షన్ పడకుండా, ప్రతి బిల్లూ కొన్న రోజే స్కాన్ చేసి పెట్టుకోండి.

నాలుగు క్యాలెండర్లు

ప్రాజెక్టులు చచ్చిపోయేది సైన్సు వల్ల కాదు, తేదీల వల్ల. మన సెమిస్టరు ఒక క్యాలెండరు, మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి ఒకటి, వాళ్ళ వేసవి సెలవులు ఒకటి, చెరువూ చేనూ ఒకటి. ఐరోపా విద్యార్థి ఖాళీ దొరికి జులైలో వస్తానంటాడు. అప్పుడు ఇక్కడ సార్వా (ఖరీఫ్) నాట్లు, ముసురు, గోదావరికి వరద భయం. చేలో ప్రయోగానికైతే సరే, డ్రెయిన్ల నీళ్ళు పరీక్షించాలంటే కష్టం. ఉప్పు ఎక్కడం చూడాలంటే దాళ్వా (రబీ) చివర, వేసవిలో కాలువలు కట్టేసే రోజులు కావాలి, అప్పుడు వాళ్ళకి పరీక్షలు. డిసెంబరులో వాళ్ళు రెండు వారాలు దొరకరు, జనవరి రెండో వారం మనం దొరకం.

ఒక పెద్ద చార్టు తీసుకుని ఈ నాలుగింటినీ ఒకదాని కింద ఒకటి గీయండి. నాలుగూ ఖాళీగా ఉన్న వారాలు ఏడాదికి పదో పన్నెండో తేలతాయి. కలిసి చేసే పని అంతా వాటిలో పెట్టుకోవాలి. కాల్ వేళలు కూడా ముందే స్థిరపరుచుకోండి. వియత్నాం మనకన్నా గంటన్నర ముందుంటుంది కాబట్టి తేలిక. జర్మనీతో మన మధ్యాహ్నం రెండున్నర హాయి. ఈక్వడార్ పదిన్నర గంటలు వెనక, అక్కడ పొద్దున్న ఎనిమిదంటే మనకి సాయంత్రం ఆరున్నర.

కాల్‌లో విద్యార్థి మాట్లాడాలి, ప్రిన్సిపాల్ కాదు. చెరువు దగ్గరి మనిషి కూడా నెలకోసారైనా ఉండాలి. భాష అడ్డం కాదు, మీరు పక్కన కూర్చుని చెప్పండి. మా రాజుగారు ఒకసారి అవతలి ప్రొఫెసర్ని "మీ దేశంలో కౌంట్ రేటెంతండీ?" అని అడిగారు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాని మీద మన దగ్గర ధర కడతారని ఆయనకి వివరించడానికి పావుగంట పట్టింది. కానీ ఆ పావుగంటలోనే, అరగ్రాము బరువు పెరిగితే రైతుకి డబ్బు ఎలా మారుతుందో వాళ్ళకి తెలిసింది. ఆ తరవాత వాళ్ళ రిపోర్టుల్లో కౌంట్ అన్న గడి ఒకటి వచ్చి చేరింది.

అమ్మే దాకా

ఫలితం వచ్చింది, పేపరు అచ్చయింది. ఇక్కడే తొంభై పాళ్ళు ఆగిపోతాయి. పని చేసిన నమూనా వేరు, రైతు డబ్బిచ్చి కొనే సరుకు వేరు. మధ్యలో తక్కువ ధరకి తయారుచేయడం, రిపేరు చేసే మనిషి, గ్యారంటీ, డీలరు కమిషను ఉన్నాయి. ఇవి కాలేజీ పనులు కావు, అందుకే మొదటి రోజు నుంచి ఆ రిపేరు షాపు మనిషి కావాలన్నాను. మా సెన్సరుకి దిగుమతి చేసిన తొడుగు బదులు పీవీసీ పైపు ముక్క వాడమన్నది ఆయనే.

అమ్మకం మొదట మన గట్టు మీదే మొదలుపెట్టండి. 2025లో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్యల రేటు ఏమైందో డెల్టాలో చెప్పక్కర్లేదు. ఒకే దేశం మీద ఆధారపడ్డ సరుకుకీ, ఒకే విదేశీ ల్యాబు మీద ఆధారపడ్డ పరిశోధనకీ ప్రమాదం ఒకటే రకం. అవతలివారి నిధి ఆగినా ఇక్కడి ముగ్గురూ చిన్నగానైనా నడపగలరా అని ఏడాదికోసారి కాగితం మీద లెక్క వేసుకోండి.

సమన్వయకర్తకి బదిలీ అయితే, లేదా జీతం ఎక్కువిచ్చే చోటికి వెళ్ళిపోతే ఏమిటన్నది కూడా ముందే చూసుకోవాలి. మా దగ్గర ఒకాయన వెళ్ళిపోతే ఆయన సొంత జీమెయిల్‌లో రెండేళ్ళ ఉత్తరాలు వెళ్ళిపోయాయి. ఇప్పుడు ప్రాజెక్టుకి వేరే ఈమెయిల్ ఉంది, దాని పాస్‌వర్డు ముగ్గురి దగ్గర ఉంటుంది. ఒప్పందాల అసలు కాగితాలు పరిశోధన కేంద్రంలో, నకళ్ళు కాలేజీలో. చెరువు గోడకి కట్టిన పుస్తకం నిండగానే విద్యార్థులు దాన్ని స్కాన్ చేసి, అసలుది రాజుగారికే తిరిగిస్తారు. కొత్త పుస్తకానికి దారం కట్టి మళ్ళీ మేకుకి తగిలించేది మాత్రం కాపలా కుర్రాడే. వాడి పేరు మా రెండో పేపర్లో కృతజ్ఞతల దగ్గర అచ్చయింది.